వాటా లేనివాడి నడుముకే పిస్తోలు

నా చిన్నప్పుడు కొండపల్లి కొండల్లో ఎలుగుబంట్లు తిరిగేవంటే మా ఆటోనగర్ కుర్రాళ్ళు నమ్మరు. ఇబ్రహీంపట్నం దాటుతుంటే వాళ్ళకు కనిపించేవి పొగగొట్టాలు, కరెంటు తీగలు, బూడిద ఎత్తుకుపోయే లారీలు. ఆ పొగగొట్టాలు లేవకముందు ఆ పక్కనంతా మెట్ట చేలు ఉండేవి. చేల వెనక కొండ, కొండ మీద అడవి. మా అమ్మ పుట్టిన ఊరు అక్కడే. సెలవులొస్తే నన్ను బెజవాడలో రైలెక్కించేవారు. దిగేసరికి మా తాతయ్య స్టేషను బయట ఎడ్లబండి మీద కూర్చుని, నన్ను చూడనట్టు చుట్ట కాల్చుకుంటూ ఉండేవాడు.

ఇన్నేళ్ళ తర్వాత ఇది రాయడానికి కారణం ఒక పిస్తోలు. మా లారీ రిపేరు షెడ్డుకు ఎదురు వరసలో లారీల యజమాని ఒకాయన ఉన్నాడు. ఆయన కొడుకు మొన్న వేసవిలో టీ బడ్డీ దగ్గరకు వచ్చాడు. రెండువేల సంవత్సరం దాటాక పెరిగిన పిల్లలందరిలాగే బెల్టుకు ఒక పక్క సెల్‌ఫోను తగిలించాడు. రెండో పక్క తోలు సంచీలో పిస్తోలు. చొక్కా దాని మీద పడకుండా మాటిమాటికీ వెనక్కి సర్దుకుంటున్నాడు. దాచుకోవడానికి కాదు, కనిపించడానికి.

"ఏంట్రా అది?" అన్నాను.

"నల్లమల పోతున్నాం బాబాయ్. నలుగురం. దుప్పి దొరుకుద్దేమో చూద్దామని."

"దుప్పిని కొడితే జైలు."

"అంత అడవిలో ఎవడు చూస్తాడు బాబాయ్! జైలు సంగతి కాదు, అక్కడ ఎలుగుబంట్లున్నాయంట. అందుకే ఇది," అని నడుము తట్టుకున్నాడు.

"ఎలుగు నీ మీద పడితే నీ పిస్తోలు నువ్వే తీసి కాలుస్తావా?"

"మరి ఎవరు కాలుస్తారు? లైసెన్సు ఊరికే తెచ్చుకున్నానా?"

"మీద పడ్డాక నీ చేతులు నడుము దగ్గర ఉండవురా. మొహానికి అడ్డం ఉంటాయి. సరే, ఒకటి చెప్పు. మీ నలుగురిలో దుప్పి అక్కర్లేనివాడు ఎవడు?"

వాడు నావైపు వింతగా చూశాడు. "అక్కర్లేనివాడు వేటకెందుకొస్తాడు బాబాయ్?" అన్నాడు. బడ్డీ దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు. టీ పోసేవాడు, "పొద్దున్నే ఈయనకి దొరికావు, ఇంక నీ టీ చల్లారిపోయినట్టే," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. వేట నేరం, అది ఒక సంగతి. దుప్పిని కాపాడటానికి చట్టం ఉంది. ఈ కుర్రాణ్ణి కాపాడటానికి ఎవరున్నారు? బెల్టుకు తగిలించుకున్న ఇనుము తనను కాపాడుతుందని వాడికి ఎవరు నేర్పారు? నేను బడిలో చదివింది తక్కువే. మిగతాదంతా పాత పేపర్లు, అద్దె పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. ఎక్కడ చూసినా ఆత్మరక్షణ, ఆత్మరక్షణ అని రాస్తారు. ఆ మాట నాకు ఎప్పుడూ సగమే అనిపిస్తుంది. రెండో సగం ఏమిటో నాకు చిన్నప్పుడే ఇద్దరు పెద్దవాళ్ళు చూపించారు. ఆ కుర్రాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మా తాతయ్యకు కొండ కింద వేరుశెనగ చేను ఉండేది. కాయ ముదిరే వేళకు అడవి పందులు దిగేవి. అవి తినేదానికంటే పాడుచేసేది ఎక్కువ. ఒక్క మంద వచ్చి పోతే ఏడాది కష్టం దున్నిపోసినట్టుండేది. అందుకని పంట కాపలాకు తుపాకీ పెట్టుకోవడానికి సర్కారు అనుమతి ఇచ్చింది. అప్పటికి పందిని కొట్టడం తప్పు కాదు. తాతయ్యది గొట్టంలోంచి మందు కూరి కాల్చే పొడుగాటి తుపాకీ. ఒకసారి పేలిందంటే మళ్ళీ మందు కూరి, గుండు దించి, కాల్చేలోపు పంది ఊరు దాటిపోతుంది. కొన్నాళ్ళు మంచె మీద కూర్చుని కొట్టేవాడు. పందులు తెలివి మీరి మంచె ఉన్న చేను వదిలి పక్క చేలో పడటం మొదలుపెట్టాక, అవి పగలు పడుకునే కొండవాగులోకే వెళ్ళి కొట్టడం మొదలుపెట్టాడు.

వాగులోకి వెళ్ళాలంటే ఎలుగుల భయం. ఎలుగుకు మనిషి మీద పగ ఏమీ ఉండదు. చీమల కోసం, చెదల కోసం తల పుట్టలో దూర్చుకుని దాని గొడవలో అది ఉంటుంది. దానికి చూపు తక్కువ. మనం దూరం నుంచే చప్పుడు చేసుకుంటూ వస్తే విసుక్కుని పక్కకు పోతుంది. చప్పుడు లేకుండా వెళ్ళి పక్కన నిలబడ్డామో, హడలిపోయి మీద పడుతుంది. పడితే మొహమే దానికి గురి. మా తాతయ్య ఊళ్ళో ఒక కన్నూ సగం ముక్కూ మిగిలిన, అడవిలో పుల్లలు కొట్టుకొచ్చే మనిషి ఒకడు ఉండేవాడు. వాడు ఎదురొస్తే పిల్లలం నేల చూపులు చూసేవాళ్ళం.

ఇదీ చిక్కు. వేటగాడు చప్పుడు చెయ్యకూడదు. ఎలుగున్న చోట మనిషి చప్పుడు చెయ్యకుండా నడవకూడదు. ఈ రెండు పనులూ ఒక్క మనిషి చెయ్యలేడు. అందుకని మా తాతయ్య ఎప్పుడూ వేటకు ఒంటరిగా వెళ్ళేవాడు కాదు. బెజవాడ నుంచి సాయిబు తాత రావలసిందే.

సాయిబు తాతకు బెజవాడలో తాళాలు, తుపాకులు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. తాతయ్య తన తుపాకీ గుర్రం, అంటే మందు అంటించే సుత్తి, విరిగి బాగుచేయించుకోవడానికి వెళ్ళినప్పుడు కుదిరిన స్నేహం. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. ఎవరి చెల్లెల్ని ఎవరు చేసుకున్నారని అమ్మమ్మ వెక్కిరించేది. ఆయన సన్నగా, కొంచెం వంగి, తెల్ల గడ్డంతో ఉండేవాడు. వేటకు వచ్చినప్పుడు లుంగీ పైకి దోపుకుని, దాని మీద తోలు పట్టీ కట్టి, పట్టీలో ఒక పొట్టి పిస్తోలు దోపేవాడు. దాన్ని ఆయన కొట్టులోనే బాగుచేసుకున్నాడు. పిడికి ఇత్తడి రేకు చుట్టి ఉండేది. ఆ ఇత్తడి మీద ఎండ పడి తళుక్కుమంటే నేను చూపు తిప్పుకునేవాణ్ణి కాదు. తాతయ్య పొడుగాటి తుపాకీ నా కళ్ళకు ఆనేది కాదు. నాకు కావలసింది ఆ పిస్తోలు.

ఊరివాళ్ళకు మాత్రం ఆయన రాకే వింత. పందివేటకు సాయిబేమిటి? పందిని తినడు, ముట్టుకోడు, దాన్ని మోసే కర్రకు భుజం కూడా ఇవ్వడు. చచ్చిన పందిని చూస్తే నాలుగడుగులు దూరంగా నిలబడి మొహం తిప్పుకుంటాడు. కొట్టిన పందిని వాటాలు వేస్తుంటే ఆయన మా అరుగు మీద కూర్చుని అమ్మమ్మ పెట్టింది తింటూ ఉండేవాడు.

"తినేది లేదు, మోసేది లేదు, దేనికయ్యా నీకీ తిరుగుడు?" అని కరణంగారు ఒకసారి అరుగు మీదే అడిగాడు.

"ఈయన దగ్గర నా గొళ్ళెం ఒకటి ఉండిపోయిందండీ. ఈయన పోతే అది ఎవర్ని అడగను?" అన్నాడు సాయిబు తాత.

"అబద్ధమండీ. మా ఆవిడ చిమ్మిలి కోసం వస్తాడు," అన్నాడు తాతయ్య.

అది మాత్రం నిజం. నువ్వులూ బెల్లమూ దంచి అమ్మమ్మ చేసే చిమ్మిలి ఉండలంటే ఆయనకు ప్రాణం. నాగుల చవితికి పుట్టకు పెట్టగా మిగిలినవి ఆయన కోసమని అమ్మమ్మ విడిగా తీసి ఉంచేది. నేను వేట చూసిన ఏడాది కూడా చవితి సాయంత్రం రైలుకే దిగాడు.

ఆ పొద్దున నేను, అమ్మమ్మ, పక్కింటి అక్క కలిసి పుట్టలో పాలు పోసి వచ్చాం. మా చేను గట్టు మీద రేగుపొద పక్కనే ఉండేది ఆ పుట్ట. ఊళ్ళో సగం మంది దానికే వచ్చేవాళ్ళు. పాలు, చలిమిడి, చిమ్మిలి, అరటిపళ్ళు. సాయంత్రానికి పుట్ట చుట్టూ పెళ్ళివారి విస్తరిలా ఉంది. నాగేంద్రుడు రాత్రికి వచ్చి తింటాడని పక్కింటి అక్క చెప్పింది. అంత చిమ్మిలి ఒక్క పాము ఎలా తింటుందని నాకు అనుమానం. అడిగితే కళ్ళు పోతాయంది, ఊరుకున్నాను.

మర్నాడు వేటకు నన్నూ తీసుకెళ్ళమని చవితి నాడంతా సాధించాను. తాతయ్య వద్దంటే సాయిబు తాత దగ్గరకు వెళ్ళాను. ఆయన అరుగు మీద పిస్తోలు విప్పి గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"దీన్లో గుండు ఎంత ఉంటుంది తాతా?"

"రేగిపండంత."

"ఎలుగుకి ఒకటి చాలుతుందా?"

"ఇంతవరకూ ఏ ఎలుగూ రెండోది అడగలేదు మనవడా."

"మరి ఈ పిస్తోలు మా తాతయ్య దగ్గర ఉండాలి గదా? ముందు నడిచేది ఆయనే గదా?"

సాయిబు తాత నావైపు చూసి నవ్వాడు. "మీ తాత కళ్ళు పంది మీద ఉంటాయి. పంది మీద కళ్ళున్నవాడికి ఇది ఇస్తే వాడి నడుముకి బరువు తప్ప ఏముంది?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "బావా, వీణ్ణి రానీ. నా వెనక నడుస్తాడు," అని లోపలికి కేకేశాడు. అలా నాకు అనుమతి దొరికింది.

తెల్లవారుతుండగా బయల్దేరాం. పందిని మోసుకురావడానికి పాలేర్లు ఇద్దరు చేలోనే ఆగిపోయారు. ముందు తాతయ్య, మధ్యలో సాయిబు తాత, వెనక నేను. కొండదారిలో ఉన్నంతసేపూ సాయిబు తాత దగ్గుతూనే ఉన్నాడు. దగ్గు రాకపోతే ఏదో పాట కూనిరాగం తీస్తాడు, అదీ కాకపోతే చేతికర్రతో రాళ్ళను తాటిస్తాడు. వేటకు పోతూ ఈ గోలేమిటని నాకు సిగ్గేసింది. వాగు దగ్గరపడ్డాక తాతయ్య చెయ్యి పైకెత్తాడు. ఆ చెయ్యి లేవగానే గోలంతా ఆగిపోయింది. అక్కణ్ణుంచి ఎండుటాకు మీద అడుగు వేసినా తాతయ్య వెనక్కి తిరిగి ఉరిమి చూసేవాడు.

వాగులో పందుల జాడ కనిపించింది. తాతయ్య ఒక బండ చాటున మోకాళ్ళ మీద కూర్చుని తుపాకీ సారించాడు. నేను ఊపిరి బిగబట్టి ఆయన చూస్తున్న వైపే చూస్తున్నాను. ఒకసారి ఎందుకో పక్కకు చూస్తే సాయిబు తాత మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. పందులున్న వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. వెనక పొదలూ పక్క బండలూ మేము వచ్చిన దారీ, వాటినే మార్చి మార్చి చూస్తున్నాడు. వేటకు ఇంత దూరం వచ్చి వేట చూడని మనిషిని నేను అదే మొదటిసారి చూడటం.

తుపాకీ పేలింది. బలిసిన మగపంది ఒకటి నాలుగు గంతులు వేసి కూలిపోయింది. అప్పుడూ సాయిబు తాత తిరగలేదు. "పడిందా?" అని మాత్రం అడిగాడు.

"పడకేం చేస్తుంది బావా!" అన్నాడు తాతయ్య. ఆయన మొహం చూడాలి. చేను తిన్న పంది దొరికితే రైతుకు వచ్చే సంతోషం వేటగాడికి వచ్చేదానికంటే పెద్దది. పాలేర్లను పిలుచుకొస్తానని తుపాకీ భుజాన వేసుకుని పరుగులాంటి నడకతో దిగాడు. తుపాకీలో మళ్ళీ మందు కూరలేదు. నేనూ సాయిబు తాతా ఆయన వెనకే దిగాం. కొండ దిగినంతసేపూ నా వెనకాల సాయిబు తాత దగ్గు వినిపిస్తూనే ఉంది. చేను గట్టు కనపడేసరికి తాతయ్య మాకు బాగా ముందుకు వెళ్ళిపోయాడు. పాలేర్లు ఆ చివర ఉన్నారు. గట్టు మలుపులో రేగుపొద.

"బావా, దగ్గు!" అని అరిచాడు సాయిబు తాత.

తాతయ్య వెనక్కి తిరగకుండానే నవ్వాడు. "నా చేలో నేను దగ్గాలా?" అన్నాడు.

అదీ ఆయన చేసిన తప్పు. అడవిలో అన్నేళ్ళు చెయ్యని తప్పు ఇంటి గట్టు మీద చేశాడు. ఊరంతా కలిసి ఆ పుట్టకు బెల్లమూ నువ్వులూ అరటిపళ్ళూ పెట్టి వచ్చిందని ఆయనకు తెలుసు. ఆ వాసన కొండ ఎక్కుతుందని మాత్రం తోచలేదు. ఏం తోస్తుంది? దేవుడికి పెట్టింది దేవుడే తింటాడని అనుకోవడం మనకు పుట్టుకతో వచ్చింది. పొద మలుపు తిరిగేసరికి పుట్టలో తల దూర్చి ఒక నల్లటి ఎలుగు ఉంది. తల లోపల ఉండటంతో దానికి అడుగుల చప్పుడు వినపడలేదు. తాతయ్య దాని మీద కాలు పెట్టినంత పని చేశాడు.

అది లేచి నిలబడటం నేను చూశాను. మట్టికొట్టుకుపోయిన మూతి, దాని మీద తెల్లగా చలిమిడి. ఆ తర్వాత తాతయ్య కనపడలేదు. నల్లటి బొచ్చు, దాని కింద తాతయ్య కాళ్ళు, పక్కకు ఎగిరిపడిన తుపాకీ. తాతయ్య అరుపు కంటే దాని అరుపు ఎక్కువ భయం వేసింది. అది కోపంతో అరిచినట్టు లేదు, ఏడ్చినట్టుంది. పాలేర్లు చేను చివరినుంచి కేకలు వేస్తున్నారు గానీ వాళ్ళు వచ్చేలోపు అయిపోతుంది.

ఎలుగును చూస్తే ఎవరైనా వెనక్కి పరిగెత్తుతారు. పిస్తోలున్నవాడైతే ఉన్నచోటే నిలబడి కాలుస్తాడు. సాయిబు తాత దాని మీదకే పరిగెత్తాడు. వంగిన నడుముతో, లుంగీతో, చేతికర్ర పారేసి. దాని వీపు మీద చెయ్యి వేసేంత దగ్గరకు పోయి, పిస్తోలు దాని చెవి పక్కన పెట్టి పేల్చాడు.

అంత చప్పుడు నేను మళ్ళీ వినలేదు. పొద పక్కన మంట, దాని వెనకే పొగ. పొగలోంచి ఎలుగు దొర్లి బయటపడి, ఒకసారి తల విదిలించుకుని, వేరుశెనగ చేలోంచి దుమ్ము లేపుకుంటూ కొండ మీదకు పోయింది. అది పరిగెత్తిన దారంతా నేను చూశాను. ఎక్కడా నెత్తురు బొట్టు లేదు.

తాతయ్యకు ఒక చెవి వేలాడుతోంది. నెత్తి మీద చర్మం చీలింది, భుజం లోతుగా తెగింది. కళ్ళు మాత్రం ఉన్నాయి. సాయిబు తాత తన తలగుడ్డ విప్పి తల చుట్టూ గట్టిగా కట్టి, "బావా, నన్ను తిట్టు. ఏదో ఒకటి తిట్టు," అంటున్నాడు. తాతయ్య తిట్టాడు. అది ఇక్కడ రాయలేను. ఆ తిట్టు వినగానే సాయిబు తాత నేల మీద కూలబడి, కొంగులేని ఆడదానిలా అరచేతులతో కళ్ళు తుడుచుకున్నాడు. నులకమంచం తెచ్చి, దాని మీద పడుకోబెట్టి, రైల్లో బెజవాడ పెద్దాసుపత్రికి చేర్చారు. బతుకుతాడో లేదో రెండు రోజులు ఆగితే గాని చెప్పలేమని డాక్టరుగారన్నాడు.

అమ్మమ్మ ఆసుపత్రిలో ఉంటే నన్ను సాయిబు తాత తన కొట్టులో పెట్టుకున్నాడు. నాకు భయంతోపాటు మనసులో ఒక కోపం కూడా ఉంది. అంత దగ్గర నుంచి రేగిపండంత గుండు వేస్తే ఎలుగు ఎలా చావలేదు? ఈయన గురి తప్పాడన్నమాట. తాతయ్యకు ఏమన్నా అయితే ఈయన వల్లే. పిస్తోలు విప్పి మసి తుడుస్తున్న మనిషిని ఉండబట్టలేక అడిగేశాను.

"ఎందుకు తప్పింది తాతా?"

"తప్పలేదు మనవడా. గుండు లేదు."

"మర్చిపోయావా?"

"పెట్టలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పెట్టలేదు. మందూ, దాని మీద గుడ్డముక్కా, అంతే."

ఆయన పిస్తోలు పక్కన పెట్టి, ఒక తాళంకప్పను బల్ల మీద పెట్టాడు. దాని మీద ఇంకో కప్ప పెట్టాడు. "ఇది మీ తాత. దీని మీద ఎలుగు. రెండూ దొర్లుతున్నాయి. గుండుకు మీ తాత ఎవరో, ఎలుగు ఎవరో తెలుస్తుందా? నా చెయ్యి అసలే వణుకుతుంది. చప్పుడూ మంటా అయితే ఎవర్నీ చంపవు. ఎలుగుకు కావలసింది కూడా అక్కణ్ణుంచి పారిపోవడమే గదా. దానికి నేను దారి చూపించాను," అన్నాడు.

"నీ మీదే పడి ఉంటే?"

"నా మీద పడితే మీ తాత ఉన్నాడు గదా, అరవడానికి."

ఆ మాట ఆయన నవ్వుతూ అన్నాడు గాని నేను చాలాకాలం దాన్ని మోశాను. ఆయన నడుముకు ఉన్నది ఆయన్ను కాపాడుకునే ఆయుధం కాదు. మా తాతయ్యను కాపాడే ఆయుధం. పందిలో వాటా లేని మనిషి కాబట్టి ఆయన కళ్ళు పంది మీదకు పోవు. కళ్ళు అటు పోవు కాబట్టే ఆ పిస్తోలు ఆయన నడుముకు ఉంది. మా తాతయ్య నడుముకే ఉంటే ఆ పొద్దున అది తోలు పట్టీలోనే ఉండి, ఆయనతోపాటు ఎలుగు కింద నలిగేది.

మూడో రోజు తాతయ్య కళ్ళు తెరిచి చుట్ట అడిగాడు. నన్ను మంచం పక్కన కూర్చోబెట్టారు. నేను పెద్ద రహస్యం చెబుతున్నట్టు చెవి దగ్గర, అంటే మిగిలిన చెవి దగ్గర, చెప్పాను: "తాతయ్యా, సాయిబు తాత పిస్తోల్లో గుండు లేదంట."

"నాకు తెలుసురా," అన్నాడు. "గుండుంటే వాడి ముందు నేను నడుస్తానా? వాడి గురి నువ్వు చూళ్ళేదు."

అటు పక్కన నిలబడ్డ సాయిబు తాత, "ఈసారి దగ్గమంటే దగ్గు," అన్నాడు.

"దగ్గుతాలే. ఎలుగు చెవి తీసుకుంది, పోనీ అనుకున్నాను. నువ్వు మీసం కాల్చావు చూడు, అదీ ఒకవైపే. ఆడవాళ్ళంతా వచ్చి చూసి పోతున్నారు. రెండోవైపు కూడా కాల్చెయ్యకపోయావా?"

"రెండోది ఏ ఎలుగూ అడగలేదు బావా," అన్నాడు సాయిబు తాత నావైపు కన్ను గీటుతూ. అమ్మమ్మ ఏడుస్తూనే నవ్వింది. చిమ్మిలి డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టింది.

టీ బడ్డీ దగ్గర ఇదంతా చెప్పేసరికి ఆ కుర్రాడి టీ చల్లారిపోయింది. పిస్తోలు మీదకు చొక్కా ఎప్పుడు జారిందో వాడు చూసుకోలేదు. తర్వాత అడిగాడు, "ఆ సాయిబుగారికి ఏం ముట్టింది బాబాయ్ చివరికి?"

"మా తాతయ్య ముట్టాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఆయనకు కావలసిన వాటా అదే."

"అలాంటోడు నాకెక్కడ దొరుకుతాడు?"

"అదే వెతుక్కోరా. పిస్తోలు డబ్బులిస్తే దొరుకుతుంది," అన్నాను. వాడు నల్లమల వెళ్ళాడో మానాడో నాకు తెలీదు, నేను అడగలేదు. చెప్పవలసింది చెప్పాను.

నా మటుకు నేను తుపాకీ ఎన్నడూ పట్టలేదు. ఆటోనగర్లో లారీల కమాన్ కట్టలు, అంటే బండి బరువు మోసే ఉక్కు స్ప్రింగు పట్టీలు, బాగుచేసే పని పెట్టుకుని బతికాను. టన్నుల బరువున్న బండిని జాకీ మీద లేపి, దాని కింద మనిషి దూరి చెయ్యవలసిన పని అది. తొంభైల్లో పని ఊపు మీద ఉన్నప్పుడు నేను షెడ్డులో ఒక పద్ధతి పెట్టాను. బండి కింద మనిషి ఉంటే జాకీ పక్కన ఇంకో మనిషి నిలబడాలి. వాడి చేతిలో పానా ఉండకూడదు, కళ్ళు ఇంకో పని మీదకు పోకూడదు. ఆ పనిలో వాడికి వాటా లేదు, కింద ఉన్నవాడు బయటికి రావడమే వాడి పని. పక్క షెడ్లవాళ్ళు నవ్వారు. ఊరికే నిలబడేవాడికి కూడా కూలీనా అన్నారు. కిందికి దూరేవాడికి తెలుసు, వాడు ఊరికే నిలబడలేదని. మా షెడ్డులో బండి కిందికి వెళ్ళినవాళ్ళంతా నడిచే బయటికి వచ్చారు. ఈ మాట నేను తల ఎత్తుకునే చెబుతాను.

ఇప్పుడు పని మా పెద్దాడు చూసుకుంటున్నాడు. నేను ఉదయం ఒకసారి వెళ్తాను. సొంత షెడ్డే అయినా గుమ్మం దగ్గర దగ్గి లోపలికి అడుగు పెడతాను. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ముసలాయనకు ఆయాసం అనుకుంటారు, మంచినీళ్ళు తెచ్చిస్తారు, తాగుతాను. ఆ తర్వాత ఎవరైనా బండి కిందికి దూరుతుంటే వెళ్ళి జాకీ పక్కన నిలబడతాను. కుర్చీ వేస్తామంటారు, వద్దంటాను. పేపరిస్తారు, పక్కన పెట్టేస్తాను. కిందనుంచి సుత్తి చప్పుడు వస్తూ ఉంటుంది. వాడు కాళ్ళు ముందుకు జాపుకుని బయటికి వచ్చి, లేచి, చేతులు దులుపుకునేదాకా, నా చేతులు రెండూ ఖాళీగానే ఉంటాయి.